శేషారత్నం అత్త మిషన్‌కి జొరం

శేషారత్నం అత్త కుడిచేతి వెనకభాగం కంప్యూటర్ పెట్టె మీద ఆనించి ఉంది, పసిపిల్ల నుదురు చూస్తున్నట్టు. ఎడమచెయ్యి గాల్లో లేచి ఉంది. అంటే కొట్లో ఎవరూ మాట్లాడకూడదని.

"ఎనభై," అంది కళ్లు మూసుకుని. "కాలిపోతాంది బిడ్డ. లేవండి, పని ఆపేశా."

తెర మూలన ఎర్ర అంకె కూడా ఎనభై అనే చూపిస్తోంది. చెయ్యి పెట్టే ముందు అత్త దాన్ని ఓరగా చూసేసిందని, పక్క కొట్లో కంప్యూటర్లు బాగుచేసే నాకు తెలుసు.

మాచర్ల బస్టాండు వెనక నెట్ సెంటర్ నడిపే శేషారత్నం అత్తకు లోకంలో ఉన్న చింత ఒక్కటే: కంప్యూటర్ ఒంటివేడి. తన బీపీ ఎంతో ఆమెకు తెలియదు, డాక్టరు చెప్పినా వినదు. మిషన్ వేడి మాత్రం నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. పైగా అది కొత్తదా అంటే, దాని తోబుట్టువులన్నీ ఈపాటికి కరిగి మేకులైపోయి ఉంటాయి.

వేడి చూపించే ప్రోగ్రామ్ నేనే పెట్టిచ్చాను. అత్త తెరను జనం వైపు తిప్పి, అందరికీ చదవడం నేర్పింది. పచ్చ అంకె అయితే ఆరోగ్యం, డెబ్బై దాటి ఎర్రబడితే జొరం. మా బజార్లో ఎండాకాలం ఎవరూ ఆకాశం చూడరు. "అత్త మిషన్ ఎంతుందిరా?" అని అడిగి గొడుగు తీస్తారు.

మిషన్‌కి జొరం వస్తే మనుషులకు పని పడుతుంది. అది అత్త పెట్టిన రూలు.

"ఏమే, ఊరికే కూకోకపోతే నా తలకి కాస్త నూనె రాయరాదూ?" అని ఆడవాళ్లకు కొబ్బరినూనె సీసా అందిస్తుంది. మగవాళ్లకైతే, "ఒరేయ్ అబ్బాయ్, ఆ షట్టర్‌కి నూనె పట్టించు. చేత్తో రాయాల, గుడ్డతో కాదు."

అత్త జుట్టు వానలో నిలబడ్డా తడవదు. ఇక మాచర్ల మొత్తం మీద చప్పుడు లేకుండా లేచే షట్టర్ అదొక్కటే. దొంగలకు అదెంత సౌకర్యమో ఆమెకు తట్టలేదు.

"షట్టర్‌కి కొబ్బరినూనె ఏందత్తా? గ్రీజు పెట్టాల," అన్నాను ఒకసారి.

"నీకు మిషన్ల సంగతి తెలుసు. షట్టర్ల సంగతి నీకేం తెలుసురా వంశీ?"

నాకు కష్టమనిపించింది ఇంకొకటి. ఈ చాకిరీ అంతా రాళ్ల మిల్లుల నుంచి వచ్చేవాళ్లకే. రోజూ వచ్చి ఫ్యాన్ కింద కూర్చునే బీమా ఏజెంటు జయకర్‌కు ఆ సీసా ఏనాడూ ఇవ్వలేదు. మిషన్ చల్లబడితే పాపం వాళ్లకు ఈ బాధ తప్పుతుంది కదా అని, మొన్న మే నెలలో పెట్టె విప్పాను.

"అది బానే ఉందిలేరా," అని అత్త అడ్డం పడుతూనే ఉంది.

లోపల ఉన్న రాతిపొడితో ఒక గోడకు వెల్ల వేయొచ్చు. ఫ్యాన్ రెక్కలు దులిపి, చిప్పు మీద వేడిని లాగే పేస్టు ఎండి పెచ్చులైతే గీకి, కొత్తది బియ్యపుగింజంత పెట్టాను. మిషన్ ఆన్ చేస్తే నలభై ఎనిమిది. పచ్చటి పచ్చ.

అత్త ముఖం మాడిపోయింది. "ఇంత చల్లగా చేస్తే ఎట్టారా? నిన్నెవరు చెయ్యమన్నారు?"

బాగుచేసినందుకు తిట్లు తినడం నాకు అదే మొదలు.

అప్పుడే మాణిక్యమ్మ వచ్చింది. పాలిష్ మిల్లులో పని. కార్మికుల కార్డు తిరగరాయించుకోవడానికి ఆ రోజే ఆఖరు. వేలిముద్ర పడకపోతే కార్డు పోతుంది, దానితోపాటు కూతురు జ్యోతి చదువుకు వచ్చే సాయమూ పోతుంది. మిషన్‌కి తగిలించిన వేలిముద్రల డబ్బీ మీద బొటనవేలు పెట్టింది. ఎర్రలైటు. మళ్లీ పెట్టింది. మళ్లీ ఎర్రలైటే.

అత్త అలవాటుగా చెయ్యెత్తింది. "ఆగాగు, మిషన్‌కి జొరం..."

"ఏం జొరం రత్నమ్మగారూ? నలభై ఎనిమిదేగా, పచ్చగా ఉంటే!" అన్నాడు జయకర్. అత్త నేర్పిన చదువే. "ఆమె వేలే అరిగిపోయింది. రాళ్లు రుద్దీ రుద్దీ గీతలు ఎక్కడున్నయ్? ఇంకేం పడుద్ది?"

మాణిక్యమ్మ బొటనవేలిని కొంగులో దాచుకుంది, దొంగసొమ్ము పట్టుబడినట్టు. "ఇంకోచోట కూడా ఇదే మాటన్నారు. పోతాలేమ్మా," అని లేచింది.

అత్త నన్ను తిట్టలేదు. నూనె సీసా వైపు చూసి, నా వైపు చూసింది. అంతే. జడ, షట్టర్, రాళ్ల మిల్లు వేళ్లు అన్నీ ఒక్కసారిగా నాకు అర్థమయ్యాయి. నూనె పట్టి మెత్తబడితే అరిగిన వేలికీ గీతలు తేలతాయి.

పెట్టెకు పక్కరేకు ఇంకా బిగించలేదు. చెయ్యి లోపలికి పోనిచ్చి ఫ్యాన్ వైరు పీకాను. పాతకాలపు చిప్పు, మాచర్ల ఎండ. యాభై తొమ్మిది. అరవై ఆరు. డెబ్బై రెండు, ఎరుపు.

"చూశావా జయకరూ!" అత్త గొంతు బస్టాండు దాకా వినిపించింది. "మిషన్‌కి జొరం పెట్టుకుని మనిషి వేలుకి వంక పెడతావా? కూకో మాణిక్యం, నీ వేలికేం కాలా. ఈలోపు నా తలకి కాస్త నూనె రాయి. జయకరూ, ఇంకో సీసా అదిగో. షట్టర్."

మాణిక్యమ్మ జడ విప్పి కుదుళ్లకంటా రాసింది. నేను చడీచప్పుడు లేకుండా వైరు తగిలించాను. అంకె పచ్చబడ్డాక అత్త ఆమె వేలిని తన చెంగుతో తుడిచి, "ఇప్పుడు పెట్టు," అంది.

పచ్చలైటు వెలిగింది.

"చెప్పలా? తప్పంతా మిషన్‌దే."

"ఇంత డొక్కు మిషన్ ఎందుకమ్మా, మార్చరాదా?" అని దెప్పి మరీ, మాణిక్యమ్మ చేతులూపుకుంటూ వెళ్లింది. మిషన్ పరువు పోయినందుకు అత్త ముఖం వెలిగిపోతోంది.

సాయంత్రం దాకా నేను ఆ మిషన్ దగ్గరే ఉన్నాను. దొంగ అంకె చూపించే ప్రోగ్రామ్ పెట్టడం తేలికే. కానీ కొలత చేత అబద్ధం చెప్పించడం నాకు చేతకాదు. అందుకని కీబోర్డు పైవరసలో చివరి మీటకు ఒక పని అప్పగించాను. అది నొక్కితే మిషన్ ఎందుకూ పనికిరాని పెద్ద పెద్ద లెక్కలు మొదలుపెట్టి నిజంగానే వేడెక్కుతుంది. మళ్లీ నొక్కితే ఆపేస్తుంది. రేకు బిగించి, మరలు తిప్పి, "ఇదుగో అత్తా," అని అప్పగించాను.

అత్త నుదుటి మీది స్టిక్కర్ తీసి ఆ మీటకు గుర్తుగా అంటించి, నొక్కింది. అంకె ఎగబాకింది. ఓరగా ఒక చూపు చూసి, కళ్లు మూసుకుని, చేతి వెనకభాగం పెట్టె మీద ఆనించింది.

"డెబ్బై ఐదు," అంది. "ఇప్పటికి బాగుచేశావురా."