పొడి గుడ్డ

మా అత్తగారికి ఆయాసం. మల్కాపురంలో మేముండే వీధిలో పోర్టు బొగ్గు దుమ్ము పడని వస్తువు లేదు. పొద్దున్న వరండా తుడిస్తే సాయంత్రానికి మళ్లీ అరికాళ్లు నల్లబడతాయి. కొన్నాళ్లు అరకు వైపు తీసుకెళ్లండి, ఊపిరి తేలికవుతుందని డాక్టరు చెప్పాడు. కానీ రాత్రుళ్లు ఆవిడకి మందుని ఆవిరిలా పీల్పించే నెబ్యులైజర్ పెట్టాలి, దానికి కరెంటు ఉండాలి. కారు వెనక కట్టుకుని లాక్కెళ్లే చిన్న ట్రైలర్ ఒకటి మా ఇంటి ముందు పడి ఉంది. ఇద్దరు హాయిగా పడుకోవచ్చు గానీ, దాని బ్యాటరీ తెల్లారేదాకా ఆగేది కాదు.

నేను పోర్టులో ఎలక్ట్రీషియన్ని. ఇదేం పెద్ద పని అనుకున్నాను. వన్ టౌన్ అంతా తిరిగి కొత్త బ్యాటరీ, కారు నడుస్తున్నంతసేపూ దాన్ని నింపే చార్జరు, లావుపాటి వైర్లు తెచ్చి బిగించాను. ట్రైలర్ నెత్తిన సోలార్ పలక పెట్టాను. ఆ రోజు భోజనాల దగ్గర ఉపన్యాసమే ఇచ్చాను. పలక మీద దుమ్ము పేరుకుంటే చార్జింగ్ సగం కూడా ఎక్కదన్నాను. వైర్ల జాయింట్లకి నీళ్లు దిగకుండా ఇంకా సీలు వేయలేదు, తడి గుడ్డ తగిలించొద్దని గట్టిగా చెప్పాను.

అత్తగారు తలుపు వెనక నుంచి విన్నారు. ఆవిడ అల్లుడి ఎదుట నిలబడరు, నాతో నేరుగా మాట్లాడరు. ఏం కావాలన్నా కూతురి చేత చెప్పిస్తారు. నాకూ అదే సుఖంగా ఉండేది.

తర్వాత సీలు వేశాను. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. పలక తుడవడమూ మర్చిపోయాను. అయినా బ్యాటరీ మీటర్ రోజూ నిండుగా చూపిస్తోంది. నా పనితనానికి నేనే మురిసిపోయాను. అత్తగారికి పొద్దుటి దగ్గు ఎక్కువైందని మా ఆవిడ అంటే, చలికిలే అన్నాను.

బయల్దేరే రోజు పెందుర్తి నుంచి మా బావమరిది వచ్చాడు. ట్రైలర్ చుట్టూ తిరిగి పైకి చూశాడు.

"ఏటి బావా, మిగతాదంతా నల్లగుంటే ఈ పలకొక్కటీ అద్దంలాగుంది. రోజూ కడుగుతన్నావేటి?"

"కడగడమెందుకురా? మంచి సరుకు. దుమ్ము అంటదు."

సంచీతో గుమ్మంలోకొచ్చిన మా ఆవిడ ఆగిపోయింది.

"అంటదా? అమ్మ రోజూ స్టూలెక్కి తుడుత్తంది. ఇయ్యాల పొద్దున్నే సూశాను నాను. తడి గుడ్డ వద్దన్నారు కదా, పొడి గుడ్డతోనే దులుపుతంది. అల్లుడుగారు నా కోసం కష్టపడి పెట్టారు, ఆయనకి సెప్పకే అంది."

కిటికీ ఊచకి పాత చీర ముక్క వేలాడుతోంది, బొగ్గులా నల్లగా. నాకు తల కొట్టేసినట్టయింది. ఎవరి ఊపిరి కోసం ఇదంతా బిగించానో ఆవిడే రోజూ ఆ దుమ్ము రేపుకుని పీల్చారు, నేను చెప్పిన పద్ధతిలోనే. బావమరిది నా వైపు చూడకుండా టైర్లు చూస్తున్నాడు. లోపలికెళ్లి ఆవిడతో ఒక్క మాట చెప్పాలనిపించింది. ఇన్నేళ్లలో ఎప్పుడూ మాట్లాడలేదు, ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు.

అంతలో తలుపు వెనక దగ్గు వినిపించింది. దగ్గు తెరిపిచ్చాక ఆవిడ కూతుర్ని అడిగారు.

"బ్యాటరీ నిండిందేటో కనుక్కోయే."

జవాబు చెప్పాల్సింది నేను. నా బదులు బావమరిదే చెప్పాడు, "నిండిందమ్మా" అని.