పోసవ్వను కట్టేసిన మధ్యాహ్నం

బంగ్లాదేశ్ యుద్ధం నాటి చలికాలంలో పదిమంది జవాన్ల మా సెక్షన్‌ను రామగుండం దగ్గర గోదావరి రైలు వంతెనకు కాపలా పంపారు. గట్టు మీద రెండు గుడారాలు, ఇసుక బస్తాల మోర్చా. పొద్దున రైఫిలు ముట్టుకుంటే వేళ్లు కొంకర్లు పోయేవి. ఉత్తర్వు ఒక్కటే: వంతెన వదలకూడదు.

పక్క ఊరి పోసవ్వ మాకు కూరగాయలు తెచ్చేది. అరవై దాటిన మనిషి. పిల్లలు లేరు. చనిపోయిన అక్క కొడుకు రాజయ్యను తనే పెంచింది. అతను గోదావరిఖని బొగ్గుబాయిలో పనిచేసేవాడు.

ఒక మధ్యాహ్నం తాగునీళ్లకు లారీలో ఊళ్లోకి వెళ్లిన వంటవాడు ఖాళీ డ్రమ్ములతో తిరిగొచ్చాడు.

"పోసవ్వను కట్టేశారు సార్. రాజయ్య పెళ్లానికి చేతబడి చేసిందట. మంత్రం పలకకుండా పళ్లు పీకుతున్నారు."

వైర్‌లెస్ ఆపరేటర్ పైవాళ్లను అడిగాడు. జవాబొచ్చింది: "అది పోలీసుల పని. మీరు కదలొద్దు. ఓవర్."

హవల్దారు ఖాళీ డ్రమ్ముల వైపు చూశాడు. "నీళ్లు లేకుండా కాపలా ఎట్లా కాస్తాం? నువ్వూ వెళ్లు," అన్నాడు నాతో.

పోసవ్వను బండి చక్రానికి కట్టారు. నోటి నిండా నెత్తురు. రాజయ్య చేతిలో పట్టకారు. అరుగు మీద నిండు గర్భిణి అయిన అతని భార్య మూర్ఛతో కొట్టుకుంటోంది.

"మంత్రం ఇడ్సిపెట్టమను సారూ, ఇప్పుడే కట్లు ఇప్పుత," అన్నాడు రాజయ్య. ఏడుస్తున్నాడు.

"నాకేం మంత్రమొస్తదిరా కొడుకా? పిల్లను జల్ది దవాఖానకు తోల్కపో," అంది పోసవ్వ.

రైఫిలు నా భుజం మీదే ఉంది. దించలేదు. "లారీ ఉంది. ఇద్దరినీ తీసుకెళ్తాం," అన్నాను. చుట్టూ మూగినవాళ్లు పక్కకు జరిగారు. కట్లు నేనే విప్పాను.

రక్తపోటు వల్ల వచ్చిన మూర్ఛలన్నాడు దవాఖానలో డాక్టరు. తల్లి బతికింది. బిడ్డ దక్కలేదు.

నాలుగు రోజులకు రాజయ్య దవాఖాన వరండాలో పోసవ్వ కాళ్ల దగ్గర కూర్చున్నాడు. "ఇంటికి రా చిన్నమ్మా."

"నువ్వు నాకు భయపడతవు. నేను నీకు భయపడత. గిట్లయితే ఒక్క ఇంట్ల ఎట్ల ఉంటం కొడుకా?"

ఆమె బెల్లంపల్లిలో తమ్ముడి దగ్గరికి వెళ్లిపోయింది. యుద్ధం ముగిశాక నేనూ ఇంటికొచ్చాను. ఏం చూశావని అందరూ అడిగేవారు. ఒక్క గుండూ పేల్చలేదని చెబితే నిరాశపడేవారు.

నాకు కనిపించేది ఆ లారీయే. గతుకుల దారి. రాజయ్య భార్య తల పోసవ్వ ఒడిలో ఉంది. రెండు చేతులతో ఆ తలను కదలకుండా పట్టుకుంది. తన నోటి నెత్తురు ఆ పిల్ల ముఖం మీద పడకుండా, దారి పొడుగునా మెడ పక్కకు తిప్పుకునే కూర్చుంది.