అమాస నాడు ఎత్తిన సన్నెకల్లు

పదిహేనేళ్ళ నుంచి ఒక మనిషి గురించిన నిజం నా దగ్గరే దాగి ఉంది. ఎవరికీ చెప్పలేదు. నాది నాలుగో తరగతితో ఆగిన చదువు. అక్షరాలు వంకర పోతాయి, ఓపిక చేసుకొని చదవండి. మా ఇంట్లో కథలు చెప్పేది నేనే. ఎవరి పెళ్ళిలో ఎవరు అలిగారో, ఏ ఏడు ఏ చెరువు తెగిందో పిల్లలు నన్నే అడుగుతారు. ఈ కథ కూడా వాళ్ళకు చాలాసార్లు చెప్పాను. ఒక్క ముక్క దాచి చెప్పాను.

మాది జనగామ. మా ఆయన వడ్రంగి. ఇంటి ముందరి రేకుల కొట్టంలోనే పని. గూడూరు నుంచి వచ్చిన కొమురయ్య, ఆయనకు చిన్నాయన కొడుకు, మాతోనే ఉండి పనిచేసేవాడు. "వదినె" అని పిలిచాడంటే ఆ పిలుపులోనే సగం ఎగతాళి ఉండేది.

అరవై తొమ్మిది తెలంగాణ గొడవల్లో మా ఊరి వకీలు సాబు ఒకాయన జైలుకు పోయాడు. ఇల్లు నెలల తరబడి తాళం వేసి ఉంది. వానకు పైకప్పు కారి, వాళ్ళ నాయన నాటి రాతబల్ల తడిసింది. ఆ బల్ల మొత్తం టేకు కాదు. లోపల మామూలు చెక్క, పైన అట్టంత సన్నటి టేకు పొర అంటించి ఉంటుంది. ఆ పొర ఉబ్బి పెచ్చులు పెచ్చులుగా లేచింది. మరుసటేడు దాన్ని మా కొట్టానికి పంపించాడు. తడిగుడ్డ పరిచి, ఇస్త్రీపెట్టెతో కాచి, పాత పొరను మెల్లగా ఊడదీశారు. చిరిగిన చోట చెక్క చారలు కలిసేటట్టు కొత్త ముక్కలు కోశారు. తోలుబంకను వేడినీళ్ళ గిన్నెలో పెట్టి కాచింది కొమురయ్య. నేను పక్కనే పొయ్యి ఊదుతున్నాను. వేళ్ళకు అంటించుకొని చూసి, తీగ సాగాక "అయ్యింది వదినె, దించుత" అన్నాడు. పొర పరిచి, మీద పలకలు వేసి, ఇంట్లో ఉన్న బరువంతా ఎక్కించారు. ఇసుక సంచులు, గుండ్రాళ్ళు. అవీ చాలక ఒక మూలకు నా సన్నెకల్లు. బంక ఆరి పట్టేదాకా రెండు దినాలు కదపొద్దు అన్నారు.

తెల్లారితే అమాస. మా ఇళ్ళల్లో అమాస నాడు పని చేయరు. బాడిశ, ఉలి, రంపం అన్నీ కడిగి, బొట్లు పెట్టి, మరునాటి దాకా ముట్టకుండా ఉంచుతారు. పనిలో ఉంది కాబట్టి ఆ పొద్దున నా సన్నెకల్లుకు కూడా మా ఆయన బొట్టు పెట్టాడు. తర్వాత అన్నదమ్ములిద్దరూ బజారుకు పోయారు.

అప్పుడే చిల్పూరు నుంచి మా అన్న వచ్చాడు. నా కాపురం చూడడానికి రాకరాక వచ్చాడు. బొబ్బెర గారెలంటే ఆయనకు ప్రాణం. బొబ్బెర్లు నూరడానికి పక్కింట్లో సన్నెకల్లు లేదా? ఉంది. అడిగితే ఇచ్చేవాళ్ళే. కానీ ముందురోజే బావి దగ్గర వాళ్ళతో మాటా మాటా అనుకున్నాను. ఆ గడప తొక్కడానికి నా బింకం ఒప్పుకోలేదు.

బరువు కోసం పెట్టిన సన్నెకల్లు రెండు చేతులా ఎత్తాను. పలక కింద ఏదో చిన్నగా టప్పుమంది. విన్నాను. నూరి, కడిగి, తుడిచి, అదే చోట పెట్టి, చెరిగిన బొట్టును మళ్ళీ దిద్దాను. తెలియక చేశానని ఎన్నోసార్లు నాకు నేను సర్ది చెప్పుకున్నాను. తెలియని దాన్నయితే ఆ బొట్టు అంత జాగ్రత్తగా ఎందుకు దిద్దాను? గారెలు అందరూ తిన్నారు. దేని మీద నూరావని మగవాళ్ళు ఎవరడుగుతారు?

బరువులు దించిన రోజు వకీలు సాబు వచ్చి, గోటితో బల్లంతా కొట్టి చూశాడు. అంతటా గట్టిగా పలికింది. ఆ మూల మాత్రం బోలుగా పలికింది. మా ఆయన మొహం మాడిపోయింది.

"బంక ఎవ్వడు గాచిండు?"

"నేనే గదనే అన్నా. నీ ముంగట్నే గాస్తి."

"బంక గాయలే, చారు గాచినవ్. ఇస్తార్ల పోసుకొని జుర్రుకోను పనికొస్తది."

"కాదన్నా, తీగ సాగినంక్నే దించిన. వదినె పక్కపొంటే ఉండె, అడుగు. చెప్పు వదినె, చిక్కగ లేకుండెనా?"

ఇద్దరూ నా వైపు చూశారు. కొమురయ్య నవ్వుతూ చూశాడు, నా జవాబు మీద అంత నమ్మకం.

"నాకేమెరుక? నేను పొయ్యి సూసుకుంట ఉంటి."

అంతే అన్నాను. చూశానంటే తప్పెవరిదని వెతుకుతారు, వెతికితే అమాస నాడు చెయ్యి పెట్టింది నేనని బయటపడుతుంది. పడితే ఏమయ్యేది? మా ఆయన కొట్టే మనిషి కాదు. నాలుగు రోజులు మాట్లాడకపోయేవాడు. ఆ నాలుగు రోజుల అలకకు భయపడి ఒక మనిషి చేతిపనిని మట్టిలో కలిపానా? కలిపాను.

కొమురయ్య ఆ పూటే మూట కట్టుకొని పోయాడు. బల్లదేముంది, బ్లేడుతో పొరను చార వెంట కోసి, లోపలికి బంక ఎక్కించి, ఇస్త్రీపెట్టెతో అదిమితే ఒక్క పూటలో బాగైంది. వకీలు సాబు మెచ్చుకొని తీసుకుపోయాడు. బంక కాయడం రాని వడ్రంగి అన్న మాట మాత్రం కొమురయ్య కంటే ముందే గూడూరు చేరింది. ఎవరూ పని ఇవ్వలేదు. చివరికి భూపాలపల్లి దాటి కాటారంలో కట్టెకోత మిషన్లో కూలికి కుదిరాడు.

మా ఇంట్లో ఆ పేరు ఒక సామెతైపోయింది. చాయ్ పలచనైతే మా ఆయన "ఏందే, కొమురయ్య బంక పోసినవ్?" అంటాడు. పిల్లలు నవ్వుతారు. వాళ్ళతో పాటు నేనూ నవ్వుతాను. నవ్వకపోతే ఎందుకు నవ్వలేదని అడుగుతారు కదా.

మొన్న మహబూబాబాద్‌లో ఒక పెళ్ళిలో కనిపించాడు. తల నెరిసింది. వచ్చి నా పక్కన కూర్చున్నాడు. నా మీద కోపం ఉంటే బాగుండేది. లేదు.

"నేనే పల్చగ గాచిన గావచ్చు వదినె" అన్నాడు. "అన్న ఊకెనే అంటడా? గప్పటి సంది బంక ముట్టలే. నా చేతి మీద నాకే నమ్మకం పోయింది."

అప్పుడైనా చెప్పాలి. నోరు తెరిచాను కూడా. "బువ్వ తిందువు రా" అన్నాను.

అబద్ధం ఆడిన నేను దాన్ని ఒక్క రోజు కూడా నమ్మలేదు. నమ్మింది కొమురయ్య. మా ఆయనకు చెబుతానా? కాటారం బస్సెక్కుతానా? ఎక్కుతానని రాస్తే అది ఇంకో అబద్ధమవుతుందేమో. నన్ను మన్నించమని కూడా మిమ్మల్ని అడగను, అది మీ చేతిలో లేదు. ఆ రోజు ఇద్దరి ముందు చెప్పాల్సిన సాక్ష్యం మాత్రం ఇక్కడ రాస్తున్నాను. కొమురయ్య బంక చిక్కగానే కాచాడు. నేను పక్కనే ఉన్నాను. చూశాను.