గంజి పెట్టకూడని గుడ్డ

మా అత్త చేతి గంజికి ఎమ్మిగనూరులో పేరుండేది. మగ్గానికి ఎక్కించే ముందు పడుగు నూలుకు గంజి పట్టించాలి. పలచనైతే నేసేటప్పుడు దారం తెగుతుంది, చిక్కనైతే పెళుసెక్కి విరుగుతుంది. సరిపోయే గంజి ఏదో అత్త వేలు ముంచి చెప్పేది. వీధిలో ఎవరి పడుగు సిద్ధమైనా ఆమెను పిలుచుకుపోయేవాళ్లట. మోకాళ్లు అరిగి, మగ్గం అమ్మేసి, కర్నూలులో మా దగ్గరికి వచ్చాక ఆ విద్యంతా నా కాటన్ చీరల మీద చూపించింది. నేను జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. ఆమె గంజి పెట్టిన చీర కట్టుకుపోతే సాయంత్రం దాకా కుచ్చిళ్లు చెదిరేవి కావు. స్టాఫ్‌రూములో "మీ అత్తను మాకూ నాలుగు రోజులు పంపండి మేడం" అనేవాళ్లు.

ఇంత ఎందుకు చెప్తున్నానంటే, నా పారాచూట్‌కు కూడా ఆమె గంజి పెట్టింది.

చలికాలం ఆదివారాల్లో విమానంలోంచి దూకడం నా అలవాటు. ముప్పై ఆరేళ్ల వయసులో నేర్చుకున్నాను. పిల్లలకు బోర్డు మీద గురుత్వాకర్షణ గురించి రాసి రాసి, ఒకసారి స్వయంగా పడి చూద్దామనిపించింది. మా ఆయన నిచ్చెన ఎక్కి ఫ్యాను తుడవడానికే భయపడతాడు. వద్దని చెప్పే ధైర్యం కూడా లేక సరేనన్నాడు. అత్త మాత్రం నోరు నొక్కుకుంది. "దుడ్లిచ్చి మరీ కింద పడతారామ్మీ? మా ఊర్లో అయితే ఊరికేనే పడతాండ్రి" అంది.

ఓర్వకల్లు దాటాక రాళ్లగుట్టల మధ్య ఒక చిన్న రన్‌వే ఉంది. అయిదుగురిని మోసే విమానం ఒకటి, రేకుల షెడ్డు ఒకటి, పొడుగాటి కర్రకు కట్టిన గాలిసంచి ఒకటి. చాలామందికి తెలియని సంగతి ఏంటంటే, స్కైడైవింగ్‌లో దూకేది తక్కువ, కూర్చునేది ఎక్కువ. తెల్లవారకముందే బైకుల మీద మఫ్లర్లు చుట్టుకుని వస్తాం. కాటా ఎక్కి బరువు రాయిస్తాం. గాలిసంచి బిగుసుకుంటే గాలి ఎక్కువని అర్థం, షెడ్డులో చాప మీద కూర్చుంటాం. కడప నుంచి వచ్చే పళ్ల డాక్టరు, కోయిలకుంట్ల దగ్గర శనగ పండించే రైతు, నేను, ఇంకో నలుగురైదుగురు. అందరికీ నేర్పేది పటాలంలో చేసి వచ్చిన ఒక పెద్దాయన, మేం మాస్టరు అంటాం. గాలి తగ్గేదాకా ఎలక్షన్లు, ధరలు, ఎవరి కూతురికి యాడ సీటొచ్చింది, అన్నీ అక్కడే తేలతాయి. ఎవరికి ఏది మొదటిసారైనా, ఎవరి లెక్క పదికో యాభైకో చేరినా, ఆ వారం అందరికీ ఉగ్గాని, బజ్జి వాళ్లే తేవాలి. ఈ కట్టుబాటు ఎవరు పెట్టారో తెలియదు, తప్పించుకున్నవాళ్లను మాత్రం నేను చూడలేదు.

ఇంకో కట్టుబాటు ఉంది. విమానం ఎక్కే ముందు ఒకరి వీపు ఇంకొకరు చూడాలి. పారాచూట్ బ్యాగు వీపు మీద ఉంటుంది, ఎవరి వీపు వాళ్లకు కనపడదు కదా. అందులో రెండు గుడ్డలుంటాయి. అత్యవసరానికి దాచిన చిన్నదాన్ని మాస్టరే మడిచి సీలు వేస్తాడు. ప్రతిసారీ తెరుచుకునే పెద్దదాన్ని ఎవరిది వాళ్లే మడుచుకోవాలి. నా పెద్ద గుడ్డ, నారింజ రంగూ తెలుపూ, రెండేళ్లు ఎదురుచూసి సెకండ్‌హ్యాండ్‌లో కొనుక్కున్నాను. దాని మీద నాకు పిచ్చి ప్రేమ.

ఒక కార్తీక మాసం ఆదివారం గాలి పక్కకు తోసి, అప్పుడే నీళ్లు పెట్టిన వేరుశనగ బుడ్డల చేలో దిగాను. ఎర్రమట్టిలో నేనూ, నా గుడ్డా కూడా బొర్లాం. చేని ఆయన గట్టు మీద నిలబడి, "ఏమ్మా, దావ ఉండాది కదా, పైనుంచే రావల్నా?" అన్నాడు. తొక్కిన మొక్కలకు క్షమాపణ చెప్పుకుని, ఆయనిచ్చిన మజ్జిగ తాగి, గుడ్డను బ్యాగు నుంచి విడదీసి ఇంటికి తెచ్చాను. మట్టి ఆరాక దులిపి, హాల్లో పరచి చూసుకుందామని మూల పెట్టి, మరుసటి రోజు కాలేజీకి పోయాను.

తిరిగి వచ్చేసరికి అది మిద్దె మీద ఎండలో, నాలుగు తీగల మీద ఆరేసి ఉంది. మరక లేదు, ముడత లేదు. పక్కన అత్త, కొంగుతో చెమట తుడుచుకుంటూ, పరీక్ష రాసి వచ్చిన పిల్లలా నా ముఖం చూస్తూ నిలబడింది.

"కుంకుడుకాయ రసంలో నానబెట్టి ఉతికినా. గంజి రెండుసార్లు పెట్టినా అమ్మీ, ఈ గుడ్డ తాగదే! యాడి నూలో ఇది. తాళ్లు చిక్కు పడకుండా చిలపలు కట్టి పెట్టినా, చూడు."

నిజంగానే ఆ తాళ్లన్నిటినీ, నూలును ఉండలు చుట్టినంత ముచ్చటగా, కట్టలు కట్టి ముడి వేసింది.

పారాచూట్ గుడ్డను ఉతకకూడదు. గాలి చొరబడకుండా దాని మీద ఒక పూత ఉంటుంది, ఉతికితే అది పోతుంది. ఎండ తగిలితే దారం బలం పోతుంది. గంజి తగిలితే మడతలు అతుక్కుని తెరుచుకోకపోవచ్చు. ఇవేవీ నేనెప్పుడూ ఆమెకు చెప్పలేదు. చెప్పలేదన్న సంగతి ఆ నిమిషంలో నాకు గుర్తు రాలేదు. నాకు ముక్కు మీదే కోపం.

"ఎవరు ముట్టుకోమన్నారు నిన్ను? ఇది వేసుకుని దూకి ఉంటే చచ్చేదాన్ని. నీ చేత్తో నన్ను చంపేదానివి కదా అత్తా!" అన్నాను.

ఆమె తన చేతులు రెండూ ఒకసారి చూసుకుంది. మెల్లగా మెట్లు దిగి పోయింది.

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం అంటారు. పదివేల అడుగుల నుంచి జారినా తీసుకోవడానికి నా వీపు మీద రెండు గుడ్డలున్నాయి, ఆ మాటకు ఒక్కటీ లేదు. మాస్టరు ఆ గుడ్డను చేత్తో నలిపి, నోటితో ఊది చూసి, దీన్ని నమ్మి దూకలేం మేడం అన్నాడు. తన పాత గుడ్డ ఒకటి నాకు వాడుకోవడానికి ఇచ్చాడు. నేను నాది పోయిందని ఏడ్చాను. నాలుగు రోజులయ్యాక గాని ఇంట్లో ఏం పోయిందో తెలిసిరాలేదు.

అత్త నా బట్టలు ముట్టుకోవడం మానేసింది. అలిగి కాదు. వంట చేసేది, కాలేజీ కబుర్లు అడిగేది, నవ్వేది. కానీ ఉతికిన చీరలు తీగ మీద నుంచి నేనే తీసుకోవాల్సి వచ్చేది. వాన చినుకులు పడుతున్నా మిద్దె మీదికి పోయి, "అమ్మీ, నీ బట్టలు తడుస్తాండాయి" అని కేకేసేది, చెయ్యి మాత్రం వేసేది కాదు. గంజి గిన్నె అటక ఎక్కింది. మూడు నెలలు వాడిపోయిన చీరల్లో కాలేజీకి పోయాను. తప్పైపోయింది అత్తా అని రెండుసార్లు చెప్పాను. "దాందేముంది లేమ్మీ, నేనే తెలీక చేసినా" అనేది. ఆ చేతులు మాత్రం కొంగు కిందే ఉండేవి.

మాఘంలో నా యాభయ్యో జంప్ వచ్చింది. ఉగ్గాని నా వంతు. వంటంటే అత్త వెనకాడదు. బొరుగులు నానబెట్టి, నీళ్లు పిండేసి, కొబ్బరి, పప్పుల పొడి చల్లి, పెద్ద డబ్బాలో సర్దింది. "మిరపకాయ బజ్జి ఈన్నుంచి ఎత్తుకుపోతే మెత్తబడతాది. ఆడికే వచ్చి వేస్తా" అంది. ఆమె వస్తానన్నందుకే నాకు కళ్లు చెమ్మగిల్లాయి. మా ఆయన కారులో స్టవ్వు, మూకుడు, వాళ్లమ్మను ఎక్కించుకుని వచ్చాడు.

ఆ పొద్దున షెడ్డులో ఆమె అందరికీ అత్తే అయిపోయింది. డాక్టరు ఎనిమిది బజ్జీలు తిన్నాడు. కోయిలకుంట్ల రైతు "అత్తా, ప్రతివారం రా, మేం దూకకపోయినా పర్వాలేదు" అన్నాడు. ఆమె పకపకా నవ్వింది. మేము గుడ్డలు మడిచే చాప దగ్గరికి వచ్చినప్పుడు మాత్రం చీర అంచు కూడా దానికి తగలకుండా ఎత్తి పట్టుకుని, చుట్టూ తిరిగి పోయింది. అది చూసి నాకు ప్రాణం చివుక్కుమంది.

గాలి తగ్గింది. మాస్టరు మా అయిదుగురినీ పిలిచాడు. విమానం ఇంజను మొదలైంది. నేను బ్యాగు వేసుకుని నేరుగా అత్త దగ్గరికి పోయి వెనక్కి తిరిగి నిలబడ్డాను. మాస్టరు ఎలాగూ మళ్లీ చూస్తాడు. ఆమె చెయ్యి నా మీద పడాలన్నదే నా కోరిక.

"అత్తా, నా వీపు చూడు."

"నేనా? నాకేం తెలుసు అమ్మీ. నా చెయ్యి తగలగూడదు."

"తగలనియ్ అత్తా. పైన రెక్క ఎత్తితే పిన్ను ఉంటుంది. అది దారంలో సరిగ్గా దూరి ఉందో లేదో చెప్పు, చాలు."

ఆ దారం చిటికెన వేలంత పొడవుంటుంది. ఉచ్చులా వేసిన దారంలోంచి ఉక్కు పిన్ను దూరితే బ్యాగు మూసుకుంటుంది, పిన్ను లాగితే తెరుచుకుంటుంది. ఆమె రెండు వేళ్లతో, వేడి మూత ఎత్తినట్టు, రెక్క ఎత్తింది. వంగి దారాన్ని దగ్గరగా చూసింది.

"అమ్మీ, ఈ దారం నలిగిండాది."

"అది కొంచెం అట్లే ఉంటుంది అత్తా. పిన్ను చూడు."

"అట్ల ఉండగూడదు. ఒగ పోగు తెగిండాది, పక్కది తెగుతాండాది. మగ్గం మీద ఇట్లాంటిది కనపడితే నేను మగ్గం ఆపిస్తా."

నిజం చెప్పాలంటే, అది నాకు తెలుసు. పోయిన వారమే ఆ దారం నూగులేవడం చూశాను. ఇంకో రెండు జంప్‌లు ఆగుతుందిలే, తర్వాత మారుద్దాం అనుకున్నాను. అందరూ విమానం వైపు నడుస్తున్నారు. "వచ్చాక మారుస్తాను అత్తా, ఆలస్యమవుతోంది" అని అడుగు వేశాను.

అడుగు పడలేదు. అత్త నా బ్యాగు పట్టీని రెండు చేతులతో పట్టుకుని ఉంది.

"నువ్వు ఏమన్నా అనుకో, ఎంత మాటన్నా అను. నేను ఇడిసిపెట్టను."

ఆ కేకకు మాస్టరు వచ్చాడు. దారం చూశాడు. బ్యాగు నా వీపు మీద నుంచి దించి, విమానాన్ని మిగతా నలుగురితో పంపేశాడు. తర్వాత అత్తకు వివరించాడు. విమానం తలుపు దగ్గర ఆ దారం తెగితే గుడ్డ అక్కడే తెరుచుకుంటుంది, మనిషిని లాక్కుపోయి విమానం తోకకు కొడుతుంది, లోపలున్నవాళ్లకు కూడా ప్రమాదమే. "మీ కంటికి దండం పెట్టాలమ్మా" అన్నాడు.

నేను అక్కడే చాప మీద కూర్చుండిపోయాను. ఆమె నాకు ఆ రోజు నేనన్న మాట గుర్తుచేస్తుందేమోనని చూశాను. ఆమె గుర్తుచెయ్యలేదు. నేనే అన్నాను.

"నువ్వు తెలియక చేసినదానికి అంత మాట అన్నాను అత్తా. నేను తెలిసి తెలిసీ చేశాను. నాతోపాటు ఇంకో నలుగురిని..."

ఆమె మోకాళ్లు పట్టుకుంటూ వచ్చి నా పక్కన, ఆ చాప మీదే కూర్చుంది. నా జుట్టు సరిచేసింది. "ఏడవాకమ్మీ. చూసినాం కదా. దారం మార్చుకుంటే పోతాది" అంది. మూడు నెలల తర్వాత ఆమె చెయ్యి నా మీద పడింది. నేను ఇంకా ఎక్కువ ఏడ్చాను.

కొత్త దారం మాస్టరు కొలిచి ఇచ్చాడు. ముడి అత్త వేసింది. మాస్టరు దాన్ని లాగి, బిగించి, మళ్లీ లాగి చూసి తలూపాడు. తర్వాతి విడతలో మాస్టరు నా వీపు చూశాడు. ఆయన తర్వాత అత్త కూడా చూసింది. "పోయ్‌రా" అని వీపు మీద చరిచింది.

యాభయ్యో జంప్ గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. అర నిమిషం చెవుల్లో గాలి హోరు. గుడ్డ తెరుచుకున్నాక నిశ్శబ్దం. కింద గుట్టలు, రన్‌వే, షెడ్డు. షెడ్డు బయట ఒక చిలకపచ్చ చీర. దాన్ని చూస్తూ గాలికి ఎదురు తిరిగి, చక్కగా రెండు కాళ్ల మీద దిగాను. గుడ్డను పోగుచేస్తుంటే అత్త కుంటుకుంటూ వచ్చి రెండో కొస పట్టుకుంది.

"ఉతకనులే, భయపడాకు" అంది.

మరుసటి రోజు పొద్దున లేచేసరికి వంటింట్లో కింద గంజి గిన్నె కడిగి బోర్లించి ఉంది. నా మంచం పక్కన కుర్చీలో గోధుమరంగు చీర మడత పెట్టి ఉంది. విప్పితే అప్పడంలా గరగరలాడింది. అన్నిరోజుల బాకీ ఒకేసారి తీర్చిందేమో, ఎప్పటికంటే చిక్కగా పెట్టింది. మెడ దగ్గర గీరుకుంటూనే రోజంతా పాఠాలు చెప్పాను, సాయంత్రం ఇంటికి వచ్చాక కూడా విప్పబుద్ధి కాలేదు.