శాస్త్రిగారి ముప్పై ఊపిర్లు

మా పాప పుట్టడానికి ముందు ఏడాది, ఆగస్టులో, ఏలూరులో ఫిజియోథెరపిస్టుగా పనిచేస్తుండగా నాకు తాడేపల్లిగూడెంలో ఒక రోగిని అప్పగించారు. పురోహితులు, శాస్త్రిగారు. హైదరాబాదులో రెండు ఊపిరితిత్తులూ మార్చి మూడు నెలలైంది. వారానికోసారి వెళ్లి ఆయన ఊపిరి కండరాల బలం కొలిచి, ఆపరేషన్ చేసిన డాక్టర్లకు పంపడం నా పని.

ఊపిరితిత్తులు కొత్తవైనా వాటిని సాగదీసే కండరాలు పాతవే. జబ్బుతో, వారాల తరబడి మంచం మీద ఉండడంతో అవి చిక్కిపోతాయి. వాటికి వ్యాయామం చేయించేది అరచేతిలో పట్టే ప్లాస్టిక్ గొట్టం. లోపల స్ప్రింగున్న మూత ఉంటుంది. బలంగా పీలిస్తేనే తెరుచుకుంటుంది. స్ప్రింగు బిగించేకొద్దీ కష్టం పెరుగుతుంది.

"పొద్దున ముప్పై, సాయంత్రం ముప్పై అండీ. కష్టమే లేదు," అనేవారు శాస్త్రిగారు. సంతోషించి స్ప్రింగు బిగించాను. మళ్లీ బిగించాను. అప్పుడూ తేలికేనన్నారు. కానీ నెల గడిచినా నా కొలత కదల్లేదు. వీధి గుమ్మం దాకా నడిస్తే ఆయాసం. ఇంకో వారం చూసి, శరీరం కొత్త ఊపిరితిత్తులను తిరస్కరిస్తోందేమో పరీక్షించడానికి ఆసుపత్రిలో చేర్చుకుంటామన్నారు డాక్టర్లు.

"అవి నన్ను ఒప్పుకోలేదేమోనమ్మా," అన్నారాయన.

అంత తేలిగ్గా పీల్చే మనిషికి బలం ఎందుకు రాదు? తర్వాతి వారం ఆయన వ్యాయామం వేళకే వెళ్లాను. గొట్టం నోట్లో పెట్టుకునే కొసకు ఉతికిన పంచె ముక్క చుట్టి, దాని మీద పెదవులు ఆనించి పీలుస్తున్నారు. కొలిచేటప్పుడు నేను నా పరికరానికి ప్రతిసారీ కొత్త మౌత్‌పీసు వేసేదాన్ని కనుక ఆ గుడ్డ నాకెప్పుడూ కనిపించలేదు.

"రోజూ అదే గొట్టం, ఎంగిలి కదమ్మా. మడితో ఉండగా నోట్లో ఎలా పెట్టుకోను?"

వంటింట్లోంచి ఆయన భార్య అందుకున్నారు. "మీ ఎంగిలి మీకే కదండీ అంటే వింటారా! ఆ గుడ్డలు ఉతకలేక చస్తున్నాను."

గాలంతా గొట్టంలోంచి కాక, పక్కల గుడ్డలోంచే వచ్చేస్తోంది. మూత ఒక్కసారీ తెరుచుకోలేదు. గుడ్డ తీయించి, స్ప్రింగు పూర్తిగా వదులు చేశాను. ఆరో ఊపిరికే ఆయనకు చెమట పట్టింది.

"అంటే నెల్లాళ్లూ నేను పంచెనే పీల్చానా?"

అదే రోజు డాక్టర్లకు ఫోన్ చేసి, చూడకుండా బిగించిన నా తప్పుతో సహా చెప్పాను. ఆ నెలలోనే చేసిన ఊపిరితిత్తుల పరీక్ష బాగానే ఉంది కనుక మూడు వారాలు చూద్దామన్నారు. జ్వరం వస్తే మాత్రం ఆగవద్దన్నారు. మడి సంగతి శాస్త్రిగారే తేల్చేశారు. "రెండు పూటలా స్నానానికి ముందే చేసేస్తానులేమ్మా." మూడో వారానికి కొలత పెరిగింది. ఆసుపత్రిలో చేరనక్కర్లేదన్నారు డాక్టర్లు.

తేలిగ్గా ఉందని రోగి చెప్పే మాట కొలత కాదు. ఒక్కసారైనా పక్కన కూర్చుని చేయించి చూడాలి. ఆ తర్వాత, ఉద్యోగం మానేసేదాకా, ఏ రోగికి వ్యాయామం వేళ రాసివ్వాలన్నా ముందు ఆ ఇంట్లో స్నానం ఎన్నింటికో అడిగేదాన్ని.