సుశీల గారు కొట్టేసిన మాట

నిన్న అవనిగడ్డ బస్సులో రొయ్యల షెడ్డు ఆడవాళ్ళు ఎక్కగానే పచ్చి రొయ్యల వాసన, బ్లీచింగు వాసన గుప్పున కమ్మేశాయి. వాళ్ళలో ఒకమ్మాయి, "బాగున్నారా మాస్టారూ?" అంది. నాగమణి! తలూపి కిటికీ వైపు తిరిగిపోయాను. సుశీల గారు గుర్తొచ్చారు.

కోవిడ్‌కి బడులు మూసేసిన ఏడు, కోడూరు అవతల సముద్రం దగ్గరి హైస్కూల్లో నేను కొత్త లెక్కల మాస్టారిని. ఆవిడ మా హెడ్మాస్టరు. పాఠాలన్నీ ఫోన్లోనే. ఎంతమంది విన్నారో రోజూ పైకి పంపాలి. చుట్టుపక్కల బడుల్లో రాస్తున్నట్టే నేనూ తొమ్మిదో తరగతికి 'అందరూ' అని రాసి సంతకానికిచ్చాను.

"నాగమణి విందా?" అన్నారావిడ.

"వినే ఉంటుందండీ."

"ఉంటుందా? పదండి, అడిగొద్దాం."

నా బండి మీదే వెళ్ళాం. నాగమణి వాకిట్లో చేపలు ఎండబెడుతోంది. "ఫోను వాళ్ళ నాన్న చేపల వేటకి పట్టుకెళ్ళాడండీ. అది ఇంట్లో ఉన్నా సిగ్నలుకి కరకట్ట ఎక్కాల్సిందే" అంది తల్లి. ఆ పిల్ల మాత్రం, "నన్ను బళ్ళోంచి తీసేశారా టీచర్?" అని అడిగింది. సుశీల గారు నా వైపు తిరిగి, "మీరు చెప్పండి మాస్టారూ" అన్నారు. నేను వెళ్ళి బండి తీశాను.

మిగతా ఇళ్ళూ తిరిగి, బడికొచ్చి నేను రాసిన మాట కొట్టేసి, పాఠం అందని పంతొమ్మిది మంది పేర్లూ తన చేత్తో రాశారు. వాళ్ళకి బడి వరండాలో, దూరం దూరంగా కూర్చోబెట్టి చెప్పుకుంటామని అనుమతి అడిగారు. మీటింగులో ఆఫీసరు విసుక్కున్నాడు. "అందరూ నూటికి నూరు ఇస్తుంటే మీదొక్కటే ఏంటండీ? కాస్త సర్దెయ్యండి."

"సర్దడానికి కుర్చీలు కాదండీ, పిల్లలు."

గదిలో ఒక్కరూ ఆవిడ పక్షాన మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. అనుమతి రాలేదు, మెమో వచ్చింది. ఆ వెనకే కృత్తివెన్ను వైపు బదిలీ. ఆవిడ వెళ్ళిన మర్నాటి నుంచి నేను మళ్ళీ 'అందరూ' అనే రాశాను. మా బడికి ప్రశంసాపత్రం ఇస్తే చప్పట్ల మధ్య అందుకున్నదీ నేనే. బడి తెరిచేనాటికి నాగమణి రొయ్యల షెడ్డులో చేరిపోయింది. కాగితాల్లో మాత్రం ఆ పిల్ల ఒక్క పాఠం కూడా మానలేదు! ఇంత పచ్చి అబద్ధానికి ఇప్పటిదాకా సంజాయిషీ అడిగినవాడు లేడు.

సుశీల గారు పోయి రెండేళ్ళయింది. ఇప్పుడు పిల్లలకి ట్యాబులొచ్చాయి. అందరూ వాడుతున్నారని రాసిమ్మనడం మాత్రం పోలేదు. నేను ఇళ్ళకి వెళ్తాను. ఎవరి ట్యాబు పాడైందో, ఎవరికి సిగ్నలు లేదో పేరుపేరునా రాస్తాను. "మీకెందుకు మాస్టారూ ఈ తలనొప్పి? మార్చి పంపండి" అని ఫోనొస్తుంది. "మార్చనండీ" అంటాను. నాకూ మెమో వస్తుందేమోనని భయమే. అయినా అంటాను.