వాల్టర్ సంతకం

కోవిడ్ ఆంక్షలు ఎత్తేసిన మరుసటి ఏడాది సెప్టెంబరులో, కెనడాలోని బ్రిటిష్ కొలంబియా తీరంలో ఉన్న ఒక చిన్న ద్వీపంలో ఎలుకల నిర్మూలన మొదలైంది. ఎప్పుడో ఓడల్లో వచ్చిపడ్డ ఎలుకలు అక్కడి సముద్రపక్షుల గుడ్లను మిగలనివ్వడం లేదు. హెలికాప్టర్‌కి వేలాడే పెద్ద బకెట్ నుంచి బెయిట్, అంటే విషం కలిపిన గుళికలు, ద్వీపమంతా చల్లాలి. నేను సేఫ్టీ కోఆర్డినేటర్‌ని. చల్లే సమయానికి అక్కడ మనిషిగానీ పెంపుడు జంతువుగానీ లేకుండా చూడటం నా పని.

ఎదురుగా ఉన్న ఇంకో దీవిలో వాల్టర్ అనే ముసలాయన ఉండేవారు. ఒకప్పుడు చేపల పడవ నడిపిన మనిషి. భార్య మార్గరెట్ అంతకుముందు చలికాలంలో పోయింది. తోడుగా డైసీ అనే చెవిటి కుక్క. చల్లే రోజు ద్వీపానికి రావద్దని ఆయనకు నోటీసు మూడుసార్లు ఇచ్చాను. మూడుసార్లూ సంతకం పెట్టారు.

చల్లే రోజు ఉదయం హెలికాప్టర్ ద్వీపం అవతలి కొస నుంచి మొదలుపెట్టింది. నేను స్వీప్‌లో ఉన్నాను. అంటే పడవలో ఒడ్డు వెంబడి చివరి తనిఖీ. మలుపు తిరిగేసరికి ఇసుకలో వంగి తినడానికి ఆల్చిప్పలు తవ్వుకుంటూ వాల్టర్, పక్కన నేల వాసన చూస్తూ డైసీ.

రేడియోలో "హోల్డ్" అన్నాను. బకెట్ మూసేసి పైలట్ వెనక్కి తిరిగాడు. ఇద్దరినీ పడవ ఎక్కించాక కోపం ఆపుకోలేకపోయాను.

"ఈ రోజు రావద్దని రాసి ఇచ్చాను. మీరు సంతకం కూడా పెట్టారు."

ఆయన నీళ్లవైపు చూస్తూ, "నువ్వు వేలు పెట్టి చూపించిన చోట పెట్టాను. కాగితాలన్నీ మార్గరెట్టే చదివేది," అన్నారు.

నాకు అప్పుడు అర్థమైంది. కెనడాలో పుట్టి పెరిగిన మనిషికి చదవడం రాకపోవచ్చని నాకు తోచనే లేదు.

వాళ్లని ఇంటికి చేర్చి, మళ్లీ మొదలైన చల్లడం పూర్తయ్యేదాకా ఆయన ఇంట్లోనే ఉన్నాను. సీల్ చేసిన కవర్లో గుళికలు చూపించాను. "డైసీ ఇవి తింటే ఒంట్లో రక్తం గడ్డకట్టదు. లోపల్లోపలే కారిపోతుంది. వైద్యం ఆలస్యమైతే బతకదు."

"ఇంత చిన్న మాట ముందే చెప్పుంటే అటు వెళ్లేవాణ్నే కాదు," అన్నారు. తర్వాత మెల్లగా అడిగారు. "రిపోర్టులో నాకు చదువు రాదని రాస్తావా?"

"నేను సరిగా చెప్పలేదని రాస్తాను. జరిగింది అదే."

టీ పెట్టి ఇచ్చారు. లోపలికి వెళ్లి ఒక బిస్కెట్ల డబ్బా తెచ్చి నా ముందు పెట్టారు. అందులో పదకొండు కవర్లు, ఒక్కటీ విప్పలేదు. మార్గరెట్ పోయినప్పుడు వచ్చిన సానుభూతి కార్డులు.

"పక్కవాళ్లని అడగడానికి మొహం చెల్లలేదు. నీకెలాగూ తెలిసిపోయింది కదా, చదువుతావా?"

ఒక్కొక్కటీ విప్పి చదివాను. హెలికాప్టర్ చప్పుడు దగ్గరైనప్పుడల్లా ఆగాను. మార్గరెట్ చేసే 'ఆపిల్ పై' అనే తీపి వంటకం గురించి ఎవరో రాస్తే నవ్వారు. ఒక కార్డు మాత్రం రెండోసారి చదవమన్నారు. "పెళ్లినాడు వాల్టర్ కన్నా తనే ఎక్కువ భయపడ్డానని మార్గరెట్ నాతో చెప్పింది," అని ఉంది అందులో. "నాకెప్పుడూ చెప్పలేదు," అని కళ్లు తుడుచుకున్నారు.

ఆ బీచ్ మళ్లీ తెరిచేదాకా ప్రతి ఉదయం ఫోన్ చేసి ఎక్కడికి వెళ్లకూడదో చెప్పేదాన్ని. డైసీకి ఏమీ కాలేదు.

ఇప్పటికీ సంతకాలు తీసుకుంటాను, రూల్ కాబట్టి. కానీ "చదివారా?" అని ఎవరినీ అడగను. ఎదురుగా కూర్చుని నోటితో చెప్తాను. "రేపు మీరేం చేస్తారో ఒకసారి నాకు చెప్పండి," అంటాను. వాళ్లు చెప్పడం పూర్తయ్యాకే లేస్తాను.